కాన్సర్ట్ యుకులేలే నెక్‌కి ఏ కర్ర? తాతగారి టేకు గుమ్మం పనికొస్తుందా?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాప కోసం కాన్సర్ట్ సైజు (మధ్యరకం కొలత) యుకులేలే, అంటే నాలుగు తీగల చిన్న గిటారు లాంటి వాద్యం, సొంతంగా చేస్తున్నారు. బాడీకి చెక్క కుదిరింది, నెక్ (మెడ) దగ్గర ఆగిపోయారు. యూట్యూబులో అందరూ హోండురాస్ మహాగని అంటున్నారు. కావలిలో మీ ఆచారి టేకును మించింది లేదంటున్నాడు. ఉదయగిరి వైపు చుట్టం ఒకాయన ఎర్రచందనం ముక్క ఇప్పిస్తానంటున్నాడు. జలదంకిలో తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు తీసిన టేకు గుమ్మం ఒకటి కొట్టంలో పడి ఉంది. వీటిలో ఏది వాడాలి, నెక్ వంగకుండా లోపల రాడ్ (లోహపు కడ్డీ) వెయ్యాలా వద్దా. ఇదే కదా మీరు అడిగింది?

గుమ్మం వాడండి. ఎందుకో, ఎలాగో చెబుతాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

నేను ఒంగోల్లో పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. వ్యాపారం కాదు, ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు చేసుకునే పని. ఇప్పటికి ముప్పై దాకా యుకులేలేలు చేశాను. అందులో నాలుగు నెక్‌లు పాడయ్యాయి. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా చెట్టు పేరు తప్పయినందుకు పాడవలేదు. రెండు సరిగా ఆరని కర్ర వల్ల, ఒకటి నార అడ్డంగా పోయినందువల్ల, ఒకటి జిగురు వల్ల పోయాయి. అందుకే ఎవరైనా ఏ కర్ర అని అడిగితే ముందు ఆ ముక్క చూపించమంటాను, పేరు తర్వాత.

మొదటిది మా మేనకోడలికి చేశాను. అడితిలో టేకు పలక కొన్నాను. "మూడేళ్ళు ఆరిన సరుకు సార్" అన్నారు, నమ్మాను. అది డిసెంబరు. తుపాను పోయి పది రోజులు కూడా కాలేదు, షెడ్డులో నేలంతా చెమ్మ. సంక్రాంతికి నెక్ చెక్కాను, ఫిబ్రవరికి తీగలు ఎక్కించాను. పలికింది, అందరూ మెచ్చుకున్నారు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గానీ, మే నెలాఖరుకు మా నెక్ మెలి తిరిగింది. తలవైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) ఒక వాలులో, బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే చెక్క) ఇంకో వాలులో కనబడ్డాయి. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) మీద తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు పెట్టాను, ఒకవైపు నాలుగు దాటింది. పిల్ల "మామయ్యా, వేలు నొప్పెడుతోంది" అని పక్కన పెట్టేసింది. విప్పి, నెక్‌ను అడ్డంగా కోసి చూశాను. ఒక అంచున వేలెడు వెడల్పు తెల్ల భాగం, మిగతాది చేవ. వలయాలు చిన్న గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా ఉన్నాయి. అంటే చెట్టు నడిబొడ్డుకు దగ్గర నుంచి కోసిన పలక. దాని మీద రంగు, పాలిష్ ఉన్నాయి కాబట్టి కొనేటప్పుడు నాకు అవేవీ కనబడలేదు. ఆ కోసిన ముక్క ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటాను.

యుకులేలే నెక్ మీద పడే బరువు నిజానికి చాలా తక్కువ. నాలుగు తీగలూ కలిపి లాగేది సుమారు 15 నుంచి 20 కిలోలు. ఉక్కు తీగల గిటారులో అది 70 కిలోల దాకా పోతుంది. అందుకే గిటారు కర్రల గురించి చదివి భయపడకండి. ఇక్కడ బలం సమస్య కాదు, ఏళ్ళ తరబడి కదలకుండా ఉండడమే సమస్య. రెండోది తూకం. కాన్సర్ట్ నెక్, తల, మడమ (నెక్ బాడీకి అతికే చోట ఉండే లావు భాగం) కలిపి నేను లెక్కేసుకుంటే 250 ఘన సెంటీమీటర్ల కర్ర అవుతుంది. దాన్ని మహాగనితో చేస్తే 140 గ్రాములు, టేకుతో 160, రోజ్‌వుడ్‌తో 210, ఎర్రచందనంతో 275 గ్రాముల దాకా తూగుతుంది. మొత్తం వాద్యమే అర కిలో అయినప్పుడు నెక్‌లో 130 గ్రాములు పెరిగితే చేతికి వెంటనే తెలుస్తుంది. పట్టీ లేకుండా వాయించే పిల్లలకైతే ఎడమ చెయ్యి నెక్‌ను మొయ్యడంతోనే సరిపోతుంది, ఇక కార్డులు (రెండు మూడు తీగలు కలిపి నొక్కే స్వరాలు) ఏం పడతారు.

ఇప్పుడు ఎర్రచందనం సంగతి. వద్దు. ఇందులో రెండో మాట లేదు. వెలిగొండలు, శేషాచలం, నల్లమల దక్షిణ భాగం లాంటి తూర్పు కనుమల దక్షిణపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దాదాపుగా సహజంగా పెరగని చెట్టు అది. అనుమతి కాగితం లేకుండా ఒక ముక్క ఇంట్లో ఉన్నా కేసే. మీ చుట్టం మంచివాడే అయ్యుండొచ్చు, ఆ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు కూడా తెలిసి ఉండదు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకు మన ఎర్రచందనాన్నే మహా గొప్పగా చూస్తారు. అది నిజం. కానీ ఆ మెడ సన్నగా, పొడవుగా ఉంటుంది, అరగకుండా ఉండేందుకు గట్టి కర్ర కావాలి, వాళ్ళ లెక్క వేరు. నీళ్ళలో వేస్తే మునిగే కర్రను పాప చేతికి ఎందుకివ్వడం?

మహాగని విషయంలో యూట్యూబ్ వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. చెక్కడానికి వెన్నలా ఉంటుంది, తేలిక, ఒకసారి ఆరితే మళ్ళీ కదలదు. కానీ వాళ్ళు చెప్పేది మధ్య అమెరికా అడవుల్లో వందేళ్ళు పెరిగిన చెట్టు గురించి. ఆ కలప దేశం దాటాలంటే ఇప్పుడు సైటిస్ (అరుదైన చెట్ల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు కావాలి. మన దగ్గర దొరికే మహాగని ఎక్కువగా తోటల్లో వేసింది. ఈమధ్య మెట్ట పొలాల్లో చాలామంది నాటారు, పదేళ్ళకు లక్షలొస్తాయన్న మాట విని. చెట్టు అదే, కానీ పది పన్నెండేళ్ళ మానులో చేవ చేతి మందం కూడా ఉండదు. లేత కర్రకు ఇంకో గుణం ఉంది. ముదురు కర్ర ఆరేటప్పుడు వెడల్పులోనే కుంచించుకుంటుంది. లేతది పొడవులో కూడా కొంచెం కుంచించుకుంటుంది, అదీ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. విల్లులా వంగేది అందుకే. మీకు తెలిసినవాళ్ళ తోటలో పాతికేళ్ళు దాటిన మాను ఏదైనా గాలివానకు పడితే మాత్రం వదలకండి.

అసలు యుకులేలే పుట్టుకే మనకు ధైర్యం ఇస్తుంది. 1879లో మదీరా దీవి నుంచి ఓడెక్కి హోనోలులులో దిగినవాళ్ళలో మాన్యుయెల్ నునెస్, అగస్తో దియాస్, జోసె దో ఎస్పిరితో శాంతో అని ముగ్గురు ఉన్నారు. ముగ్గురూ బల్లలు, బీరువాలు చేసే వడ్రంగులు. తమ ఊరి చిన్న గిటారును అక్కడ దొరికే కోవా కర్రతో చేశారు. యూరప్ నుంచి కలప తెప్పించుకోలేదు. ఆ కోవా ఎవరో కాదు, మన తుమ్మకు చుట్టమే. ఇప్పుడు హవాయిలో మంకీపాడ్ అని ముచ్చటపడి యుకులేలేలు చేసే కర్ర ఉంది చూశారూ, అది మన రోడ్ల పక్క నిద్రగన్నేరు. మున్సిపాలిటీ వాళ్ళు కొమ్మలు కొట్టి పడేస్తే ఎవరూ పట్టించుకోరు. బాడీకి ప్రయత్నించొచ్చు. నెక్‌కి మాత్రం నేను వాడను, నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది.

మన దేశంలో మెడ ఉన్న వాద్యాలు చేసేవాళ్ళు ఏం వాడారో చూడడం నాకు ఎక్కువ ఉపయోగపడింది. బొబ్బిలి వీణ పనస మానుతో చేస్తారు, తంజావూరు వీణ కూడా అంతే. మిరజ్‌లో సితార్ దండికి తూన్ కర్ర గానీ టేకు గానీ వాడతారు. తూన్ అంటే మన నంది చెట్టు. స్పానిష్ గిటారు మెడకు ప్రపంచమంతా వాడే సీడర్ అనేది నిజానికి దేవదారు జాతి కాదు, అది ఈ నంది చెట్టుకు వేలువిడిచిన చుట్టం. వేపా, మహాగనీ కూడా ఆ కుటుంబంలోవే. కాబట్టి నంది కర్ర దొరికితే అంతకంటే మంచి నెక్ ఉండదు. లేత ఎరుపు, కమ్మటి వాసన, తేలిక. కాకపోతే నెల్లూరు, ఒంగోలు అడితిల్లో అది దొరకడం అదృష్టం మీద ఉంటుంది. నాకు రెండుసార్లే దొరికింది.

పనస నాకు ఇష్టమైన కర్ర. చెక్కినప్పుడు పసుపు ముద్దలా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి బెల్లం రంగుకు వస్తుంది. చెద ముట్టదు. టేకులాగా నూనె వదలదు కాబట్టి జిగురు బాగా పడుతుంది. చేవ వరకే తీసుకోండి, తెల్ల భాగానికి పురుగు పడుతుంది. మా ప్రాంతంలో పనస తోటలు లేవు కాబట్టి పాత కర్రల అంగళ్ళలో వెతకాలి, లేదా ఉత్తరాంధ్ర వైపు తెలిసినవాళ్ళతో తెప్పించుకోవాలి.

వేప గురించి చాలామంది అడుగుతారు, ఊరూరా ఉంటుంది గనక. ముదురు వేప గట్టిదే, పురుగు రాదు. కానీ నార ఒక పొర కుడికి, ఒక పొర ఎడమకి పోతూ ఉంటుంది. చిత్రిక పడుతుంటే ఒక జానెడు నున్నగా వస్తుంది, తర్వాతి జానెడు పెచ్చులు లేస్తుంది. ఓపిక ఉంటే చెయ్యొచ్చు. మలబారు వేప వేరు, అది ప్లైవుడ్డుకు పెంచే మెత్తటి కర్ర, నెక్‌కి వద్దు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ ఈ మూడూ అసలు లెక్కలోకి తీసుకోకండి. మన తీరమంతా సరుగుడు తోటలే కాబట్టి ఊరికే వస్తుంది, ఆరేటప్పుడు ఊరికే పగులుతుంది కూడా.

ఉదయగిరి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. చుట్టం దగ్గరికి ఎటూ వెళ్తారు కదా, అక్కడ చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. వాళ్ళు బిక్కి, నర్ది లాంటి కొండ కర్రలు వాడతారు. నెక్‌కి సరిపోయేంత పొడవు, తిన్నదనం ఆ కర్రల్లో ఉండదు. కానీ బిక్కి ముక్క ఒకటి తెచ్చుకుంటే మడమ కింద అతికే బిళ్ళకు, తల మీద వేసే పలుచని రేకుకు చక్కగా పనికొస్తుంది. అంతకంటే ముఖ్యంగా వాళ్ళ చేతులు చూడండి. ఉలి ఏ వైపు నుంచి పెడితే నార లేవదో వాళ్ళు చూడకుండానే చెబుతారు.

ఇక మీ గుమ్మం. మీరు పెట్టిన ఫొటోలో నాలుగంగుళాలు మూడంగుళాలు మందం ఉన్నట్టుంది. అరవై ఏళ్ళు ఒక ఇంటి ముందు ఎండలో, వానలో నిలబడింది. అంత కాలం ఆరిన కర్ర మీకు ఏ అడితిలోనూ దొరకదు. బర్మా టేకా, నాటు టేకా అన్న చర్చ అనవసరం. గడప మాత్రం అమ్మగారిని అడక్కుండా ముట్టుకోకండి. పసుపు రాసి, బొట్టు పెట్టి మొక్కిన చెక్క అది, పైగా ఎప్పుడూ తడుస్తూ ఉంటుంది కాబట్టి పనికి కూడా మంచిది కాదు. నిలువు కమ్మీల్లో పైసగం తీసుకోండి. కింది సగంలో చెమ్మ, చెద రెండూ ఉండొచ్చు.

కోతకు ఇచ్చే ముందు అయస్కాంతం ఒకటి తీసుకుని కమ్మీ నాలుగు వైపులా నెమ్మదిగా జరపండి. పాత గుమ్మాల్లో మామిడాకులు కట్టడానికి కొట్టిన మేకులు విరిగి లోపలే ఉంటాయి. ఒక్క మేకు చాలు, సామిల్లు వాడు రంపం పోయిందని మీ మీద పడతాడు. పెయింటు ఉంటే ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకండి. ఆ కాలం రంగుల్లో సీసం ఉండేది. గీకుడు కత్తితో గీకి, ఆ పొట్టును పాప తిరిగే చోట కాకుండా పారెయ్యండి. మూతికి మాస్కు ఉండాల్సిందే. టేకు పొడి ఒంటికి పడని వాళ్ళు కూడా ఉన్నారు.

ఇప్పుడు అసలు చూపు. కమ్మీ చివర రెండంగుళాలు అడ్డంగా కోయించి, ఆ ముఖాన్ని నున్నగా రుద్ది, కొంచెం తడి చేసి చూడండి. వలయాల గీతలు కనబడతాయి. మీ నెక్ పలకను ఎలా కోయించాలంటే, ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు దిగ్గొట్టే పైపలక) అతికే ముఖానికి ఆ గీతలు నిట్టనిలువుగా ఉండాలి. దీన్నే క్వార్టర్ సాన్ అంటారు. కర్ర వలయాల వెంట కుంచించుకునేంతలో, వలయాలకు అడ్డంగా దాదాపు సగమే కుంచించుకుంటుంది. గీతలు నిలువుగా ఉంటే ఆ కదలిక సమానంగా ఉంటుంది, మెలి పడదు. మందమైన కమ్మీ చేతిలో ఉండడంలో ఉన్న సుఖం ఇదే. ఎటు కావాలంటే అటు తిప్పి కోయించుకోవచ్చు. పలక కొనుక్కుంటే అడితి వాడు కోసిందే గతి.

తర్వాత నార. పక్క నుంచి కనబడే చారలు నమ్మకండి, అవి మోసం చేస్తాయి. కోయగా మిగిలిన జానెడు ముక్కను నిలబెట్టి, నెత్తిన ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేయండి. చీలిక పై నుంచి కింది దాకా తిన్నగా దిగిందా, పక్కకు జారి మధ్యలోనే అంచు తెంచుకుని బయటికి వచ్చిందా చూడండి. చీలిన ముఖం మీద వేలు పెట్టి నిమిరితే తెలుస్తుంది. తిన్నగా ఉన్నది తాటాకు చీల్చినట్టు నున్నగా ఉంటుంది. వంకర నార ఉన్నది మెట్లు మెట్లుగా తగులుతుంది. ఇరవై సెంటీమీటర్ల పొడవులో ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ పక్కకు పోతే నేను ఆ ముక్కను నెక్‌కి వాడను. నా మూడో నెక్ పోయింది ఇందుకే. చూడ్డానికి చారలు అందంగా ఉన్నాయని మోజుపడ్డాను. కుర్చీ మీద నుంచి పడితే తల దగ్గర పుటుక్కున విరిగింది.

ఇంకో పరీక్ష కూడా చేస్తాను, ఇది ఇంట్లో వాళ్ళకు వేడుక. మిగులు కర్రలోంచి ఆరు మిల్లీమీటర్ల మందం, ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న బద్ద తీస్తాను. రెండు ఇటుకలు యాభై సెంటీమీటర్ల దూరంలో పెట్టి, వాటి మీద బద్ద పరిచి, మధ్యలో కిలో ఉప్పు పాకెట్టు వేలాడదీస్తాను. మంచి టేకు ఆరేడు మిల్లీమీటర్లు వంగుతుంది. పది దాటితే ఆ కర్రను పక్కన పెడతాను, లేదా నెక్ కాస్త మందంగా ఉంచుతాను. మందం ప్రభావం చాలా పెద్దది. 18 మిల్లీమీటర్ల నెక్‌ను 20 చేస్తే గట్టిదనం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. కర్ర జాతి మార్చినా అంత తేడా రాకపోవచ్చు. అందుకే మెత్తటి కర్రయినా ఆరి ఉంటే నేను కంగారుపడను.

గుమ్మం కర్ర ఆరే ఉంటుంది కదా, మళ్ళీ ఆరబెట్టాలా అంటే, కొంచెం. మందం కమ్మీ నుంచి పలక తీయగానే లోపలి ముఖాలకు మొదటిసారి గాలి తగులుతుంది. ఒక్కోసారి రంపం దిగుతుండగానే పలక విచ్చుకుంటుంది, లోపల బిగిసి ఉన్నది వదులవుతుంది. అందుకని కొలత కంటే నాలుగైదు మిల్లీమీటర్లు లావుగా కోయించి, మధ్యలో పుల్లలు పెట్టి మంచం కింద గానీ అటక మీద గానీ పెట్టండి. చివరలకు మైనం గానీ పాత పెయింటు గానీ పూయండి, లేకపోతే అక్కడి నుంచే పగుళ్ళు మొదలవుతాయి. వారానికి ఒకసారి వంటింటి త్రాసు మీద తూచి, ఆ అంకె పలక మీదే పెన్సిల్‌తో రాయండి. వరసగా నాలుగు వారాలు అంకె మారకపోతే పని మొదలుపెట్టండి. నేను ఒకసారి అడితిలోనే త్రాసు పెట్టి పలకలు తూస్తుంటే అక్కడి కుర్రాడు, "ఏంది సార్, కేజీల లెక్కన కొంటారా?" అన్నాడు. నవ్వుకోనివ్వండి. ఒకే కొలత పలకలు పది ఉంటే, అన్నింటికంటే బరువున్నది పచ్చిది అయ్యుండొచ్చు. అన్నింటికంటే తేలికైనది డొల్ల అయ్యుండొచ్చు.

ఎండలో మాత్రం పెట్టకండి. మేడ మీద మే నెల ఎండలో వారం పెడితే పైపొర ఆరి లోపల పచ్చిగానే ఉంటుంది, ఆ తర్వాత పగులుతుంది. కందుకూరు నుంచి ఒకాయన పొగాకు బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే గదిలో) పెడితే రెండు రోజుల్లో ఆరదా అని అడిగాడు. బ్యారన్‌లో చివరికి వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. ఆకు కాడ ఆరడానికి అది కావాలి. కర్రకు అదే వేడి అంత తొందరగా తగిలితే లోపల తేనెపట్టులా చీలికలు పడతాయి, పైకి కనబడవు కూడా. కొత్తగా కోసిన కర్ర అయితే అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. నా లెక్క ఇంకొకటి: ఒక కార్తీకం, ఒక రోహిణి రెండూ చూసిన ముక్క కావాలి. మన నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఎండలు మే నెలలో. ఆ రెండు అంచులూ చూసి కదలని కర్ర ఇక కదలదు.

టేకుతో ఒకే ఒక్క చిక్కు జిగురు. కర్రలో నూనె ఉంటుంది. అతికించే ముఖాన్ని చిత్రిక పట్టిన వెంటనే, అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు వేసి బిగించండి. రేపు చేద్దాంలే అని వదిలేస్తే నూనె మళ్ళీ పైకి వస్తుంది. నా నాలుగో నెక్ కథ అదే. తల అతుకు పెట్టి, మధ్యలో పెళ్ళికి వెళ్ళొచ్చి, మర్నాడు జిగురేశాను. అది ఆరు నెలలు నిలిచింది. తర్వాత కారులో మధ్యాహ్నం ఎండకు పెట్టి దర్శిలో భోజనానికి దిగాం, తిరిగొచ్చేసరికి తల వెనక్కి వాలి ఉంది. తెల్ల జిగురు వేడికి మెత్తబడి జారుతుంది, అప్పటికే పట్టు సరిగా లేదు. అప్పటి నుంచి తల అతుకుకు మాత్రం ఎపాక్సీ వాడుతున్నాను. టేకులో ఇసుక లాంటి సిలికా కూడా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. సానరాయి పక్కనే పెట్టుకోండి.

తలను అదే కర్రలోంచి వాలుగా చెక్కాలని చూడకండి. అలా చెక్కితే వాలు దగ్గర నార పొట్టిగా తెగుతుంది, కింద పడితే అక్కడే విరుగుతుంది. పలకను 15 డిగ్రీల వాలులో కోసి, ఆ ముక్కను తిరగేసి అతికించండి. దీన్ని స్కార్ఫ్ జాయింట్ అంటారు, మీ ఆచారికి చూపిస్తే దూలాలకు వేసే ఏటవాలు అతుకే కదా అంటాడు. మడమకు కూడా అదే పలక ముక్కలు మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి అతికించుకోవచ్చు. ఇలా చేస్తే 75 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ఒక్క పలకలో కాన్సర్ట్ నెక్ మొత్తం వచ్చేస్తుంది. కమ్మీలో క్వార్టర్ సాన్ పలక అంత వెడల్పు రాకపోతే, రెండు సన్న బద్దలు తీసి, ఒకదాన్ని తలకిందులు చేసి పక్కపక్కన అతికించండి. ఒకటి ఇటు తిరగబోతే ఇంకొకటి అటు లాగుతుంది. అన్నదమ్ముల పంపకాల్లాగా ఎవరూ కదలరు.

రాడ్ గురించి. యుకులేలేకు గిటారులోలా బిగించే ట్రస్ రాడ్ అక్కర్లేదు. కాన్సర్ట్‌లో మంచి టేకు, దాని మీద ఐదు మిల్లీమీటర్ల రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు అతికిస్తే చాలు. ఆ ఫ్రెట్‌బోర్డు కూడా నెక్‌ను బాగా బిగపడుతుంది, దాన్ని అలంకారం అనుకోకండి. కాన్సర్ట్ కంటే పెద్దదైన టెనార్ సైజు అయినా, నంది లాంటి మెత్తటి కర్ర అయినా నేను కార్బన్ ఫైబర్ పట్టీ ఒకటి మధ్యలో గాడి తీసి ఎపాక్సీతో దించుతాను. గాలిపటాల, డ్రోన్ల సామాను అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఇందులో ఒకటి గుర్తుంచుకోండి. రాడ్ నెక్ ముందుకు వంగకుండా ఆపుతుంది గానీ మెలి తిరగడాన్ని ఆపలేదు. చెడ్డ కర్రలో రాడ్ వేసి నిశ్చింతగా ఉండేవాళ్ళను చూశాను. అందుకే శ్రద్ధ అంతా రాడ్ మీద పెట్టకుండా ఆ అడ్డకోత ముఖం మీద పెట్టండి.

స్వరం సంగతి మీరు అడగలేదు, మంచిదయింది. నెక్ కర్ర వల్ల స్వరం మారుతుందని పేజీలకు పేజీలు రాస్తారు. నాకు టేకు నెక్, పనస నెక్ ఒకే రకం బాడీకి పెట్టి కళ్ళు మూసుకుని వింటే తేడా తెలియలేదు. మా ఇంటావిడకు తెలిసిందంది, కానీ రెండుసార్లలో ఒకసారి తప్పు చెప్పింది.

చివరి చెక్కుడు ఒక్క రోజులో ముగించకండి. ముందు రెండు మిల్లీమీటర్లు లావుగా వదిలి నెక్ ఆకారం తెచ్చి, రెండు వారాలు గోడకు వేలాడదీయండి. ఒక స్కేలు దాని మీద నిలువుగా పెట్టి, వెనక నుంచి బల్బు వెలుగు వస్తోందేమో చూడండి. కదిలితే ఆ రెండు మిల్లీమీటర్లలో సరిచేసుకోవచ్చు. ఫ్రెట్‌బోర్డు అతికించాక కదిలితే ఫ్రెట్లు పీకాల్సి వస్తుంది.

కమ్మీ కోయించాక చివరి ముఖం తడిపి ఫొటో తీసి పెట్టండి, పక్కన రూపాయి బిళ్ళ ఉంచండి, వలయాలు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. ఎటు తిప్పి కోయించాలో గీత గీసి పంపుతాను. సామిల్లుకు ఆ గీత చూపిస్తే చాలు. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం అయితే వాళ్ళకు సరుగుడు లారీలు వస్తాయి, మీ రెండున్నర అడుగుల ముక్కను ఎవరూ పట్టించుకోరు.